వంతెన మీద ఆగిన ఆట

థండర్ బే, గురువారం

చిట్టితల్లి తెస్సాకు అమ్మ దీవెనలు. నేనూ, నేను తోలే లారీ కూడా క్షేమం. ఫోన్లో అయితే ఇవన్నీ చెప్పలేనని కార్డు రాస్తున్నాను.

ఆదివారం ఆన్‌లైన్ ఆటలో మనం వంతెన దాటుతుండగా నా లాప్‌టాప్ వేడెక్కి తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది కదా. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. ఆ సంగతి మీకు తెలియదు. "మీ అమ్మని వదిలెయ్యవే, ఆ డొక్కు డబ్బాతో ఆవిడ ఇంక రాదు, ఓడిపోతాం" అన్నాడు నీ స్నేహితుడు ఓవెన్. "ఓడిపోతే ఓడిపోదాం. నేను అమ్మని వదిలి కదలను" అన్నావు నువ్వు. ఓడిపోయాం కూడా. వాడి మీద కోపం పెట్టుకోకు, వాడన్నది నిజమే.

ఇవాళ కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టతను పల్చటి లాప్‌టాప్ చూపించి "చాలా తేలికండీ" అన్నాడు. "మొయ్యడానికి కాదయ్యా, మా అమ్మాయి వెనక పరిగెత్తడానికి" అన్నాను. నవ్వి, బరువైనది తీశాడు. ఆటల బొమ్మలు ఆగకుండా నడిపే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది, వేడెక్కకుండా లోపల పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి. నువ్వు సరేనంటేనే కొంటాను.

అమ్మమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కుక్కకు టీకా వేయించారా? హీటర్ ఫిల్టర్ మార్చమని మామయ్యకు గుర్తుచెయ్యి. అందరినీ అడిగానని చెప్పు.

ఎంత మంచిది కొన్నా నేను కాస్త వెనకబడుతూనే ఉంటాను. ఈసారి నాకోసం ఆగకు, గెలిచెయ్. కానీ మొన్న నువ్వు ఆగావు చూడు, అది తలుచుకుంటూనే ఈ వారమంతా బండి నడిపాను.

మీ అమ్మ