గోదారి నీళ్లు మరిగించాం

సిరి నాన్నకి,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున భద్రాచలం వెళ్లి, నీ అస్థికలు కలిపిన రేవులో దీపం వదిలి జూలూరుపాడు తిరిగొచ్చాం. రాగానే సిరి సంచిలోంచి సీసాడు గోదారి నీళ్లు తీసింది.

"అమ్మా, ఇవి జల్దీ మరిగించు" అంది.

బడిలో చెప్పే కెమిస్ట్రీ పాఠాన్ని నువ్వు దానికి వంటింట్లో చూపించేవాడివి గదా. ఉప్పు నీళ్లలో కరిగించి, "పోయిందా బిడ్డా?" అని అడిగేవాడివి. నీళ్లు ఆవిరయ్యాక అడుగున ఉప్పు చూపించి, "కరిగిందంతే, యాడికీ పోలేదు" అనేవాడివి.

నీళ్లన్నీ ఇగిరేదాకా అది స్టవ్ దగ్గరే నిలబడింది. గిన్నె అడుగున సన్నటి తెల్లచార మిగిలింది. ఆ చార నదినీటిలోని లవణాలేనని దానికి చెప్పలేకపోయాను.

"నాన్న గింతేనా అమ్మా?" అని అడిగింది.

ఆ గిన్నె కడగడానికి నాకింకా చేతులు రాలేదు.