చుక్క పడేటప్పుడు

ఆదివారం, ఉదయం

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరూ, మీ అమ్మాయీ, అల్లుడుగారూ, పిల్లలూ బాగుండాలని కోరుకుంటున్నాను.

మీరు అని రాస్తుంటే కలం ముందుకు పోవడం లేదు. ఏ చుట్టరికమూ లేకుండానే ఇన్నేళ్ళూ బావా అంటే బావా అనుకున్నాం. నువ్వు అనే రాస్తాను. ఏమీ అనుకోకు.

ముందు పని సంగతి. మన ల్యాబులో చుక్కల మిషను పాడయింది. రక్తం ట్యూబులు పేరుకుపోతున్నాయి. పెద్దసారు నన్ను పిలిచి, ప్లేట్ల మీద చేత్తో చుక్కలు పెట్టేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నీ పేరు చెప్పాను. అయితే వెంటనే రమ్మనవయ్యా అన్నారు. రెండు మూడు రోజుల పని. ఉత్తరం అందిన మర్నాడే బయలుదేరు. కళ్ళజోడు మర్చిపోకు.

ఆ మిషన్ని నువ్వు సరిగ్గా చూడనే లేదు. దాని పెట్టె విప్పిన రోజే సంచి భుజాన వేసుకున్నావు. గుమ్మంలో ఆగి, నువ్వుండు బావా, దొరగారికి పళ్ళేలు అందిస్తూ ఉండు అన్నావు. నిజంగా అదే చేస్తున్నాను. ట్యూబుల మూతలు తీసి వరుసగా పెడతాను. దాని చెయ్యి వచ్చి, ట్యూబులో మునిగి, కాస్త పీల్చుకుని, ప్లేటు గుంటలో చుక్క వదిలి పోతుంది. ప్రతి ట్యూబుకీ కొత్త ప్లాస్టిక్ ముక్కు తొడుక్కుంటుంది. ఒకసారి వాడింది మళ్ళీ ముట్టదు. అంత సోకు. టీ అడగదు, విసుక్కోదు. తిట్టడం కూడా రాదు. అది నీకే వచ్చు.

మనిద్దరికీ ఒకటే బల్ల. ఒకరి మోచెయ్యి కదిలితే రెండోవాడి చుక్క చెదిరేది. అందుకని నువ్వు పెడుతుంటే నేను, నేను పెడుతుంటే నువ్వు ఊపిరి బిగబట్టేవాళ్ళం. వరుస అయ్యాక నువ్వు హుఁ అనేవాడివి. ఇద్దరం ఒక్కసారే వదిలేవాళ్ళం. రోజంతా మనం మాట్లాడుకున్నది ఏమైనా ఉందంటే అదే.

నాకు ఆ అలవాటు పోలేదు. కొత్తగా చేరిన డాక్టరమ్మ చూసింది. తాతా, అది మిషను, నువ్వు గాలి పీల్చుకున్నా దానికేం కాదులే అని నవ్వింది. మర్నాడు, ఇంతసేపు ఎలా ఆగుతావు తాతా, సముద్రంలో మునిగి ముత్యాలేమైనా తీసేవాడివా అంది. మంచి పిల్ల. నేనూ నవ్వాను.

ప్లేటు పూర్తయితే మిషను కుయ్‌మంటుంది. నేను ఆఁ అంటాను. కొన్నాళ్ళు సాయంత్రం దాకా నా నోటినుంచి వచ్చే మాట అదొక్కటే. గదికి వెళ్ళాక గొంతు బొంగురుగా ఉంటే జలుబు చేసిందనుకుంటాను.

నీ స్టూలు పాత సామాన్లలో పడేయబోయారు. పోయి తెచ్చుకున్నాను. పొట్టి కాలి కింద నువ్వు మడిచి పెట్టిన అట్టముక్క కూడా ఉంది. బల్లకు అటువైపే వేశాను. దాని మీద చేతి తొడుగుల డబ్బా పెడుతుంటారు. నేను తీస్తుంటాను.

నేను పనిలో ఉండిపోయానని నీకు కష్టంగా ఉంది. తెలుసు. ఆ రోజు నీ వెనకే లేచాను. ల్యాబు చెప్పులు విప్పి నా చెప్పులు తొడుక్కునేలోపే నువ్వు బస్సెక్కేశావు. కోపముంటే ఇక్కడికొచ్చి తిట్టు.

అమ్మాయికి నా ఆశీస్సులు. జవాబు రాయనక్కర్లేదు, మనిషివే రా.

ఇట్లు,
నీ ఎదురు స్టూలువాడు

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. మిషను పాడవలేదు. నిక్షేపంగా ఉంది. పెద్దసారు నన్నేమీ అడగలేదు. ఆయనకి నువ్వెవరో కూడా తెలియదు. కళ్ళజోడు లేకపోయినా ఫరవాలేదు. వరుస అయిపోతోంది బావా, ఎదురుగా హుఁ అనేవాళ్ళు లేరు. ఊపిరి ఎప్పుడు వదలాలో తెలియడం లేదు.