హైకె వండిన గోధుమలు

పెత్రోవ్రిసి గ్రామవాసిని, కీర్తిశేషులు థానాసిస్ గారి భార్యను, ఎవాంథియా అనే నేను డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దకండి.

1. నేనుంటున్న రాతి ఇల్లు, వెనకనున్న బాదం చెట్లతో సహా, చనిపోయిన నా ఒక్కగానొక్క కొడుకు స్తామాటిస్ భార్య హైకెకు సర్వహక్కులతో చెందాలి. జర్మనీ పిల్ల కదా అని ఎవరూ అడ్డు చెప్పరాదు. అందరికంటే ముందు ఆ మాట అన్నది నేనే; అది చాలు.

2. దిగువ ఆలివ్ తోట మా మరిది కొడుకు పాంతెలిస్‌కు. అయిదో అంశంలోని షరతు నెరవేర్చాకే.

3. పక్కింటి మర్యాంథికి ఏమీ రాయడం లేదు, ఆమె సాక్షిగా కావాలి కనుక. ఉన్ని దుప్పటి ముందే ఇచ్చేశాను. చలికి ఓర్చుకోలేదు.

4. ఇది ఆస్తి కాదు. అయినా రాయాలి. మా దేశపు పాత డబ్బు డ్రాక్మాలు పోయి యూరోలు వచ్చిన రోజున మా ఆయన, ఇక మనమూ జర్మన్లూ ఒకే డబ్బు వాళ్ళం, యుద్ధం ఇప్పటికి అయిపోయిందే అన్నారు. ఆ యుద్ధంలో వాళ్ళ సైనికులు మా ఊరు తగలబెట్టారు. తరవాత మా దేశం అప్పుల్లో మునిగితే, జర్మన్ల ఒత్తిడితో పొదుపన్నారు. పింఛన్లు కోశారు, కింది ఊళ్ళో ఆసుపత్రి మూసేశారు. మేం సోమరులమని జర్మన్లు అంటున్నారని టీవీలో రోజూ అదే గోల. నా కొడుక్కి గుండెనొప్పి వస్తే హైకే కారు నడిపింది. పట్నం చేరకముందే పోయాడు. శవం పక్కనే ఆ పిల్లతో అన్నాను: "మీవాళ్ళే మూయించారు. మీవాళ్ళే చంపారు."

నా కొడుకు పోయిన నలభయ్యో రోజున హైకె, నేను నేర్పినట్టే గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలూ బాదమూ కలిపి, పైన చక్కెర పరిచి తెచ్చింది. మా ఆచారం ప్రకారం వచ్చినవాళ్ళు పిడికెడు తిని "దేవుడు అతన్ని క్షమించాలి" అనాలి. మర్యాంథి చేయి వెనక్కి తీసుకుంది. "జర్మన్ చేతి గోధుమలు నాకు గొంతు దిగవు వదినా. మా నాన్నను కాల్చింది వీళ్ళే."

నేను హైకె చేతిలోని పళ్ళెం లాక్కుని కోళ్ళకు పోశాను.

హైకె నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "అత్తమ్మా, నేనేమైనా తప్పు కలిపానా?"

ఆ పిల్ల మీది కోపంతో నా కొడుక్కి రావలసిన మాటను రానివ్వకుండా చేశాను. ఆ రోజు ఊళ్ళో ఒక్క నోరూ అతని కోసం దేవుణ్ణి అడగలేదు. ఇప్పటికీ ఆమె కింది ఊరి నుంచి నా మందులు తెచ్చి గేటుకు తగిలించి వెళ్తుంది. లోపలికి రమ్మనడానికి నాకు మొహం చెల్లలేదు.

5. నా నలభయ్యో రోజు గోధుమలు హైకే ఉడికించాలి, నా రాగి గిన్నెలో. గిన్నె ఆమెదే. పాంతెలిస్, ఊరివాళ్ళూ ఆమె చేతి పిడికెడు తిని, ఆ మాట ముందు స్తామాటిస్ కోసం అనాలి. తరవాత, నోరొస్తే, నా కోసం. ఆమె రానంటే బతిమాలవద్దు. అప్పుడు షరతు ఉండదు, నాకు గోధుమలూ వద్దు. ఇల్లు మాత్రం ఆమెదే.

6. ఈ వీలునామా అమలు బాధ్యత మా చర్చి ఫాదర్ అంథిమోస్ గారిది. నాలుగో అంశం దాటెయ్యకుండా అందరి ముందూ చదవాలి.

2016 నవంబరు 9, పెత్రోవ్రిసి.

(సంతకం) ఎవాంథియా

సాక్షులు:
కోస్మాస్, తపాలా ఉద్యోగి.
మర్యాంథి. నాలుగోది చదివాను. తింటాను.