కాళ్లు ఆడుతుంటే చెవికి సెలవట

అక్కా,

నాకు చెవుడొచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకు. కుట్టుమిషను తొక్కుతుంటే షాపు యజమానురాలు మూడుసార్లు పిలిచినా నాకు వినపడలేదు. హడలిపోయి డాక్టరు దగ్గరికెళ్లాను. "చెవులు భేషుగ్గా ఉన్నాయమ్మా. ఒళ్లు కదిలేటప్పుడు మెదడులో కదిలించే భాగం వినే భాగాన్ని కాస్త అణిచిపెడుతుంది," అన్నాడు. మరి సూది మాత్రం అంత స్పష్టంగా ఎలా కనపడుతోంది? నా తలలో నాకు తెలియకుండా ఈ పెత్తనాలేమిటో, ఏమీ బుర్రకెక్కలేదు.

చంటిదానికి గౌను సరిపోయిందా? నా గళ్ల దుప్పటి పంపు. బావగారికి నమస్కారాలు.

కిందటేడు నేను బస్సు కోసం పరిగెడుతుంటే నువ్వు వెనక నుంచి పిలిచావట. తిరిగి చూడలేదని అలిగి ఉత్తరాలే మానేశావు. ఒట్టు, వినపడలేదక్కా. అప్పుడేం చెప్పబోయావో ఇప్పుడు రాయి. కదలకుండా కూర్చుని చదువుతాను.

నీ చెల్లెలు