తలుపు వెనక వదిలిన జాగా

అబ్బా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అలంపూరులో మన టైలరు దుకాణం తలుపు వెనక, బట్ట మీద గీతలు గీసే సుద్దతో నువ్వు రాసిన ఇంగ్లీషు మాట ఇంకా ఉంది: రన్.

కళ్లారా చూశాకే దాని కింద ఒక్కో అర్థం రాయాలని నీ షరతు. జాకెట్టు గుడ్డ తడిపితే రంగు దిగినప్పుడు ఒకటి రాశావు. నా ముక్కు కారినప్పుడు నవ్వుతూ ఇంకొకటి. మనకు ఇన్ని మాటలున్న చోట ఇంగ్లీషుకు ఆ ఒక్కటే చాలడం నాకు ఇప్పటికీ వింతే. దుకాణం నడపడం అనే అర్థానికి మాత్రం జాగా వదిలావు. "నువ్ నడిపిననాడు నువ్వే రాయాలె బేటా" అన్నావు.

పొద్దున చాచా వచ్చాడు. దుకాణం కిరాయికి ఇచ్చేశాడట, రేపు తలుపులకు రంగు వేస్తారట.

"నేను నడుపుత చాచా," అన్నాను.

"కాజాలు కుట్టుడు తప్ప నీకేం తెల్వదు. గిట్ల పరేషాన్ చెయ్యకు, తాళంచెవి ఇయ్యి."

నిజమే అబ్బా, కటింగు నాకు రాదు. అయినా తాళంచెవి ఇవ్వలేదు.

ఆయన వెళ్లాక సుద్ద పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. నీ షరతు గుర్తొచ్చి ఏమీ రాయలేదు. నువ్వు కుట్టి వదిలిన, గుండీల కాజాలు మాత్రమే మిగిలిన రెండు షర్టులు ముందేసుకుని కూర్చున్నాను.