పెరటి నీడ, నా చేయి

ఏప్రిల్ 3, 1975
కనకాంబరం కూడా ఎండిపోయింది. ఇది మూడోది. పక్కింటోళ్ళు మేడ కట్టినప్పట్నుంచి పెరట్లో ఆ మూలకు ఎండే రాదు. షేడ్‌లో బతికే మన నాటు చెట్లే ఏరి ఏరి పెట్టినాను. ఏం మిస్టేక్ చేస్తా ఉండానో అర్థం కాలేదు.

ఏప్రిల్ 9
మా ఆయన నీళ్ళు ఎక్కువైనాయంటాడు. ఎదురింటి రామక్క నీళ్ళు చాల్లేదంటుంది. మామ నీడకు క్రోటన్సే రైట్ అంటాడు. ఫుల్ కన్ఫ్యూజన్. తమలపాకు తీగ నాటినాను. దానికి నీడంటే ప్రాణం. ఇదీ పోతే ఇంగ తప్పు నా చేతిదే.

ఏప్రిల్ 21, పొద్దున ఆరు
పోయింది.

అదే రోజు, మధ్యాన్నం
వచ్చే నెల ఆడబిడ్డ అలివేలు పెళ్ళి. ముత్తైదువలంతా పాలికల్లో నవధాన్యాలు చల్లేటప్పుడు నన్ను ముట్టద్దనింది అత్త. నా చేయి మంచిది కాదంట, మొలకెత్తకపోతే పిల్లకు కీడంట. చావుకబురు చల్లగా చెప్పినట్ల, నా మొగం చూడకుండా చెప్పింది. ఇంటికి పెద్దకోడలు దూరంగా నిలబడాల. ఏడుపొచ్చింది. పెండ్లై ఆరేండ్లు, ఇంగా కడుపు పండలేదు. ఆమె చెప్పింది చెట్ల గురించేనా? చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను. అందరి చేతుల మాదిరే ఉండాయి.

ఏప్రిల్ 26
బైరకూరు నుంచి ఆకుకూరలు తెచ్చే హనుమక్కకు ఆ మూల చూపించినాను. గడ్డపారతో మూరెడు తవ్వింది. పైన జానెడు ఎర్రమన్ను, కింద అంతా బూడిదరంగు ఇసక. ఇది గనిలో బంగారు తీసినాక పారబోసే సైనైడ్ దిబ్బ ఇసక కదమ్మా, దీంట్లో గడ్డి కూడా మొలవదు, నీడనెందుకు తిడతావు అనింది. మామను అడిగితే, అవును, యాభై తొమ్మిదిలో గుంత పూడ్చను నాలుగు బండ్లు తోలించినాను, ఊర్లో అందరూ అదే కదా చేసింది అన్నాడు. తర్వాత పేపర్ చదువుకున్నాడు.

ఏప్రిల్ 28
హనుమక్క వాళ్ళ చేని మన్ను తెచ్చిచ్చింది. పాత కుండలో పోసి, ఇంగో తమలపాకు కాడ నాటి, అదే నీడలో పెట్టినాను.

మే 17
చిగురు. రెండాకులు.
అత్తకు చూపించి ఇసక సంగతి చెప్పినాను. సంతోషపడుతుందనుకుంటే గోడకానుకోని కూర్చునేసింది. ఆమె కూడా ఆ మూలలోనే మల్లె, దవనం, ఏవేవో నాటిందంట. ఏదీ బతకలేదంట. వాళ్ళత్త నీ చేయి మంచిది కాదనిందంట. పదహారేండ్లుగా ఏ పెళ్ళిలోనూ పాలికలు ముట్టలేదంట. నేను గమనించనే లేదు. ఆమె మింద కోపం యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు.

మే 22
నిన్న పాలికల్లో నవధాన్యాలు అత్తా నేనూ ఇద్దరం చల్లినాము. అత్త అప్పుడే మూడుసార్లు పోయి చూసొచ్చింది.