ముప్పైకి ముప్పై

ధర్మవరం,
జూన్ 3.

నాయనకు ఫణి నమస్కరించి రాసేది. అవ్వ మోకాలి నొప్పి తప్ప ఇంట్లో అందరమూ కులాసా. చిక్కపేట అంగట్లో రోజంతా నిలబడి చీరలు మడతపెడుతున్నారు, మీ కాళ్ల సంగతి మాత్రం చెప్పనేలేదు. ఫోన్ చేయక ఉత్తరమేమిటని కోప్పడవద్దు. ఫోన్లో అయితే ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం.

చెల్లెలు వసుధను హిందూపురం కాలేజీలో ఇంటర్‌కు చేర్పించావా అని అడిగారు. లేదు. శనివారం నేనూ వసుధా వెళ్లాం. గోడల నిండా ర్యాంకుల ఫోటోలు, పిల్లల మొహాల కన్నా అంకెలే పెద్దవి. కెమిస్ట్రీ ల్యాబు చూస్తామంటే తాళంచెవి దొరకడానికే అరగంట పట్టింది. లోపల ఆమ్లాలు కొలిచే గాజుగొట్టాలు, బ్యూరెట్లు, అట్టపెట్టెల్లో గడ్డి చుట్టుకుని పడున్నాయి.

"పదేండ్లాయ కొని. ఒగటన్నా పగిలిందేమో చూడప్పా!" అన్నాడు ప్రిన్సిపాల్ గర్వంగా.

"మరి పిల్లోల్లు ప్రాక్టికల్స్ యాడ చేస్తారు సార్?" అంది వసుధ.

"అదంతా నీకేలమ్మా? పరీక్షకు బయట్నించి వచ్చే సారుకు మంచి భోజనం పెట్టిస్తాం. ఆయప్ప చెయ్యి కడుక్కునే లోపల అందరికీ ముప్పైకి ముప్పై పడింటాయి."

ఛీ! పిల్లల చేతులు కట్టేసి మార్కులు అమ్ముకునే దాన్ని విద్యాలయం అంటామా? ఆ మాటే మొహాన అన్నాను. నవ్వి వాచ్‌మన్‌ను పిలిచాడు.

పెనుకొండ సర్కారు కాలేజీలో ఏసురత్నం సారు ప్రయోగాలన్నీ పిల్లల చేతే చేయిస్తాడు. తప్పితే మళ్లీ చేయిస్తాడు. ఇరవై రెండు వస్తే ఇరవై రెండే వేయిస్తాడు. అట్లా మార్కులు తగ్గితే డిగ్రీలో మంచి సీటు రాదన్న మీ భయం ఉత్తది కాదు. ఎవరు చేసి తెచ్చుకున్నారో, ఎవరు ఊరికే కూర్చుని తెచ్చుకున్నారో మెరిట్ జాబితాకు తెలీదు.

అయినా పెనుకొండే అన్నాను. బస్సులో వసుధ నా నోరు మూయించింది.

"సీటు దొరికినోనివి, నీతులు బాగానే చెప్తాండావు. నీ ముప్పైలు యాడ్నించి వచ్చినాయన్నా?"

నాయనా, ఇన్నాళ్లూ దాచాను. నావీ అట్లా వచ్చినవే. ఇంటర్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షల రోజు మేము మా కాలేజీ వరండాలో చదరంగం ఆడుకున్నాం. ఆ మార్కులకే మీరు వీధంతా మిఠాయి పంచారు. పెనుకొండలో చదివిన ఓబులేసుకు థియరీలో నాకన్నా ఎనిమిది మార్కులు ఎక్కువ, ప్రాక్టికల్స్‌లో పదహారు తక్కువ. అనంతపురంలో డిగ్రీ కెమిస్ట్రీ చివరి సీటు నాది, జాబితాలో నా కింది పేరు వాడిది. వాడిప్పుడు చదువు మాని రామగిరి దగ్గర పెట్రోలు పోస్తున్నాడు. నేనేమో విద్యావ్యాపారం నశించాలని కరపత్రాలు పంచుతున్నాను. నన్ను చూస్తే నాకే రోత.

"ఇదంతా నాయనకు రాయి. అప్పుడే పెనుకొండ అప్లికేషన్లో సంతకం పెడతా" అంది వసుధ. ఇప్పుడు ఈ ఉత్తరం ఇంతవరకూ చదివి, "జ్వరం సంగతి యాడుంది?" అంటోంది.

డిగ్రీలో మొదటి ల్యాబు రోజు బ్యూరెట్‌ను తలకిందులుగా బిగించాను. క్లాసంతా నవ్వింది. జ్వరమని చెప్పి ఇంటికొచ్చి మూడు రోజులు ముసుగు తీయలేదు. మీరు అంగడి వదిలి, బత్తాయిలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది ఆ జ్వరానికే.

వసుధ సంతకం పెట్టింది. అప్లికేషన్ ఈ కవరులోనే ఉంది. తండ్రి సంతకం చోటు ఖాళీ. ఆఖరు తేదీ పది.

ఇట్లు,
మీ కొడుకు
ఫణి